పున్నమి మీద నింద

పంచాంగం చూడకుండా మా ఇంట్లో ఏ ప్రయాణమూ మొదలవదు. సింగపూర్ వచ్చి ఇన్నేళ్ళయినా, రాఫెల్స్ ప్లేస్‌లో అద్దాల మేడలో కూర్చుని బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకునే ఉద్యోగం చేస్తున్నా, టికెట్ కొనేముందు తిథి, వర్జ్యం చూసుకోకపోతే నాకు మనసు నిలవదు. ఎగతాళి చేసేవాళ్ళు చేసుకోవచ్చు. మా ఆయన పెళ్ళయినప్పటి నుంచీ అదే పని మీద ఉన్నారు.

అలాంటిదాన్ని ఫిన్లాండ్ ఉత్తరపు కొసకి వెళ్ళి అరోరా చూడాలని పట్టుబట్టాను. ధ్రువం దగ్గర చలికాలపు చీకట్లో, ఆకాశం మీద ఆకుపచ్చటి వెలుగు తెరలు తెరలుగా కదులుతుందే, అది.

ఎందుకంత పట్టుదల అంటే చెబుతాను. చిన్నప్పుడు వేసవి రాత్రుళ్ళు డాబా మీద పడుకుని, చుక్కలు చూస్తూ చూస్తూ నిద్రపోయినదాన్ని నేను. ఇప్పుడు బెడోక్‌లో మేముండే ఫ్లాట్ బయట వరండా లైటు సాయంత్రం వెలిగిందంటే తెల్లారేదాకా ఆరదు. కింద నడకదారిలో లైట్లు, రోడ్డు మీద లైట్లు, ఎదురు బ్లాకులో అంతస్తు అంతస్తుకీ లైట్లు. ఆకాశం రాత్రంతా మసక నారింజ రంగులోనే ఉంటుంది. అసలైన చీకటి ఎలా ఉంటుందో కూడా మర్చిపోయాను.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ కాలంలో మనం ఏ వింతనైనా ముందు ఫోన్లో చూసేస్తాం. తర్వాత బోలెడు ఖర్చు పెట్టుకుని అక్కడికి వెళ్ళి, ఫోన్లో ఉన్నట్టే ఉందా లేదా అని సరిపోల్చుకుని తిరిగొస్తాం. అరోరా ఒక్కటైనా తెర మీద కాకుండా నా కళ్ళతో చూడాలనుకున్నాను. ఆ యాత్ర నుంచి నేను కోరుకున్నది అంతకు మించి ఏమీ లేదు.

బయల్దేరేముందు నా ఉద్యోగపు బుద్ధి ఊరుకోలేదు. అది కనపడే అవకాశాలు ఎలా పెరుగుతాయి, దేనివల్ల తగ్గుతాయి అని దొరికినదల్లా చదివాను. ముందు సూర్యుడి మీద అలజడి రేగాలి. తర్వాత మనం నిలబడ్డచోట మబ్బు ఉండకూడదు. దగ్గర్లో ఊరి దీపాలు ఉండకూడదు. సూర్యుడూ మబ్బూ మన మాట వినవు కాబట్టి మన చేతిలో ఉన్నది ఎక్కువ రాత్రులు కాచుకోవడమే. ఒక్క రాత్రికి వెళ్ళేవాళ్ళకి అదృష్టం కావాలి, వారం ఉండేవాళ్ళకి ఓపిక చాలు. ఇంకొక్కటి మాత్రం మనం ఎంచుకోవచ్చు. వెన్నెల ఎంత తక్కువుంటే అంత మంచిదట. అంటే అమావాస్య దగ్గర్లో వెళ్ళాలి.

పేచీ అక్కడొచ్చింది. అమావాస్య పూట ప్రయాణమా? మా పుట్టింట్లో ఆ రోజు కొత్త చీర మడత కూడా విప్పరు. పక్క ఫ్లాట్‌లో ఉండే తమిళ ఆంటీ ఈ సంగతి విని నవ్వింది. వాళ్ళకి అమావాస్య మంచి రోజట, కొత్త పనులు ఆ రోజు చూసుకునే మొదలుపెడతారట. చంద్రుడు లేకపోతే మీ తెలుగువాళ్ళకే ఎందుకమ్మా అంత భయం అని తమిళంలో వేళాకోళం చేసింది.

"ఆంటీ చెప్పింది కదా, అమావాస్యకే పోదామే," అన్నారు మా ఆయన.

"ఆంటీకి అచ్చొస్తుంది. మనకి అచ్చిరాదు," అన్నాను.

"ఎనీథింగ్ లా. జస్ట్ డోంట్ ఫైట్," అంది మా అమ్మాయి, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తియ్యకుండానే. అది అప్పుడు జూనియర్ కాలేజీ మొదటి సంవత్సరం. పెద్ద పరీక్షలు మరుసటి ఏడాది.

అరోరా బలంగా వచ్చిందంటే వెన్నెల అడ్డం కాదని కూడా ఒకచోట చదివాను. నాకు కావలసిన ముక్క దొరికింది, ఇంక వదల్లేదు. డిసెంబరు సెలవుల్లో పౌర్ణమి కలిసొచ్చేలా టికెట్లు కొనిపించాను.

గడ్డకట్టిన సరస్సు ఒడ్డున ఒంటరిగా ఒక కర్ర ఇల్లు. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. అక్కడ డిసెంబరులో మధ్యాహ్నమే సందెచీకటి పడిపోతుంది, మనం పొద్దున తిన్నది అరిగేలోపు రాత్రి. వెళ్ళిన దగ్గర్నుంచీ ఆకాశం ముసురు పట్టినట్టే ఉంది. రైస్ కుక్కర్లో అన్నం వండుకుని, ఆవకాయ కలుపుకుని తినడం, కోట్ల మీద కోట్లు తొడుక్కుని బయటికెళ్ళి తలెత్తి చూడడం, ముక్కులు గడ్డకట్టాక లోపలికి రావడం. ఇదే పని. మంచులో నడిచేటప్పుడు నేను రెండు మూడుసార్లు తూలి పడ్డాను. బూట్ల తప్పనుకున్నాను.

ఆఖరికి ఒక సాయంత్రం మబ్బు విడిపోయింది. ముగ్గురం పరుగున సరస్సు దగ్గరికి వెళ్ళాం. నిండు చంద్రుడు. మంచంతా తెల్లగా మెరిసిపోతోంది.

"అదిగో," అన్నారు మా ఆయన, చెట్ల మీదుగా చెయ్యి చూపిస్తూ. ఆయన గొంతు అంత చిన్నపిల్లాడి గొంతులా నేనెప్పుడూ వినలేదు.

చూశాను. చంద్రుడున్నాడు. చంద్రుడి చుట్టూ తెల్లటి మసక. దాని కింద నల్లటి చెట్లు.

"ఎక్కడండీ?"

"అదిగోనే, చెట్ల పైనుంచి ఇటు..."

"వెన్నెల తప్ప నాకేం కనపడట్లేదే. మబ్బు చూశారేమో."

ఆయన చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉంది. తర్వాత దించేశారు.

"అవునులే, మబ్బే. నేనే పొరబడ్డా," అన్నారు.

మా అమ్మాయి "బట్ నాన్నా" అని ఏదో అనబోయింది. ఆయన దాని భుజం పట్టుకుని "ఊరుకో" అన్నారు. అది ఊరుకుంది. కాస్సేపటికి చూస్తే దాని చెంపల మీద నీళ్ళు. ఇంత దూరం వచ్చి ఏమీ చూడలేకపోయామని ఏడుస్తోందనుకున్నాను. నా ప్రాణం ఉసూరుమంది. గ్లౌజుతోనే దాని మొహం తుడిచాను.

"నా వల్లే తల్లీ. సారీ. నాన్న చెప్పినట్టు అమావాస్యకి రావలసింది," అన్నాను. మా ఆయన వైపు తిరిగి ఆయనకి కూడా చెప్పాను. పెళ్ళయ్యాక ఆయనకి నేను నోరు తెరిచి సారీ చెప్పడం బహుశా అదే మొదలు.

"పోనీలే," అన్నారు ఆయన, నా వైపు చూడకుండా. కోపం వచ్చిందనుకున్నాను.

చలిగా ఉంది, లోపలికి పోదాం పదండి అంటే ఇద్దరూ కదల్లేదు. కాసేపుందాం, చంద్రుణ్ణి ఫోటోలు తీసుకుంటాం అన్నారు. చెరో పక్కన నిలబడి నా చేతులు పట్టుకున్నారు. పాపం ఇంకా ఆశ చావలేదు వీళ్ళకి అనుకుని నేనూ నిలబడ్డాను. మిగిలిన రాత్రుళ్ళు మళ్ళీ మబ్బే. తిరిగొచ్చేశాం.

ఆ తర్వాత పౌర్ణమి కథ మా ఇంట్లోనూ స్నేహితుల ఇళ్ళల్లోనూ నవ్వులాటగా స్థిరపడిపోయింది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, యాత్ర ఎలా జరిగింది అని అడిగితే, "మా ఆవిడ పంచాంగం మా కొంప ముంచింది," అని మా ఆయన మొదలుపెట్టేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. తప్పు చేసినదాన్ని నవ్వకేం చేస్తాను? అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సలహాలు కూడా ఇచ్చేదాన్ని. వెళ్తే అమావాస్యకి వెళ్ళండి, మాలాగా పోగొట్టుకోకండి అని. పూజ దగ్గర కూర్చున్నప్పుడు కూడా పంచాంగం తెరవాలంటే చిన్నతనంగా ఉండేది.

ఇంకో పక్క మా ఆయన కొత్త పెళ్ళికొడుకులా తయారయ్యారు. ఫ్లాట్‌లో బల్బులన్నీ తీసేసి కళ్ళు చెదిరే బల్బులు పెట్టించారు. స్టేషన్ మెట్ల దగ్గర మోచెయ్యి పట్టుకునేవారు. సాయంత్రం నేను కూరగాయలకి వెళ్తానంటే, నువ్వెందుకు, నేను తెస్తాగా అని సంచి లాక్కునేవారు. వంకాయల్లో పుచ్చు చూడడం కూడా చేతకాని మనిషి. ఇన్నేళ్ళకి బుద్ధొచ్చింది, పున్నమి పోయినా మొగుడు దక్కాడు అని ఆంటీతో చెప్పుకుని మురిసిపోయాను.

ఒక ఆదివారం హౌగాంగ్‌లో ఉండే దంపతులు మమ్మల్ని కలవడానికి వచ్చారు. అతను మా ఆయన ఆఫీసులోనే పని చేస్తాడు, కరీంనగర్ వైపు వాళ్ళు. అందరం తినడానికి బెడోక్ హాకర్ సెంటర్‌కి వెళ్ళాం. టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల మాదని చోప్ చేసి, ఆడవాళ్ళిద్దరం కాపలా కూర్చున్నాం. మగవాళ్ళు ప్రాటాల కోసం, అంటే ఇక్కడి పరోటాల కోసం, వరుసలో నిలబడ్డారు.

"అక్కా, మేము గూడ డిసెంబర్‌ల నార్తర్న్ లైట్స్‌కు పోతున్నం," అంది ఆ అమ్మాయి. "మా అత్తమ్మ అమావాస్యకు అసలే వద్దన్నది. పున్నమికే బుక్ చేసినం."

నాకు మళ్ళీ పాత గాయం గెలికినట్టయింది. "అయ్యో, మార్చుకోమ్మా. మా గతే పడుతుంది మీకు. వెన్నెల్లో మాకు ఏమీ కనపడలేదు," అన్నాను.

ఆమె నేనేదో హాస్యమాడుతున్నాననుకుని నవ్వింది.

"అన్న గట్ల చెప్పలే గదక్కా. పున్నమి నాడే మీకు మస్తు కనవడ్డదట. చెరువు మీదికెల్లి పచ్చగ తెర దిగినట్టు వచ్చిందట. మీ పాప గూడ ఏడ్చిందట గద. మా ఆయనకు ఫోటోలు గూడ చూపించిండు. ఆ ధైర్యంతోనే మేం బుక్ చేసినం."

మా అమ్మాయి ఏడ్చిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఇంటి గుట్టు లంకకి చేటంటారు. ఇక్కడ గుట్టు లంకంతటికీ తెలుసు, ఇంట్లో నాకొక్కదానికే తెలియదు. అయినా పరాయి మనిషి ముందు మొగుణ్ణి పట్టించడానికి నోరు రాలేదు. "అవునులేమ్మా, నేను వేళాకోళానికన్నాను. పున్నమైనా ఫర్వాలేదు, వెళ్ళండి," అన్నాను. మా ఆయన ట్రే పట్టుకుని నవ్వుకుంటూ వచ్చారు. నా ప్రాటా మీద పంచదార చల్లించుకొచ్చారు, నాకిష్టమని. తిన్నాను. ఎలా తిన్నానో నాకే తెలియదు.

వాళ్ళు వెళ్ళాక ఇంటికి నడుస్తున్నాం. ఓవర్‌బ్రిడ్జి మెట్ల దగ్గర ఆయన మామూలుగా నా మోచెయ్యి పట్టుకున్నారు. విదిలించి కొట్టాను. ఇన్నాళ్ళూ ప్రేమనుకున్న చెయ్యి అది.

ఇంట్లో మా అమ్మాయి హాల్లో బల్ల నిండా పుస్తకాలు పరుచుకుని చదువుకుంటోంది. చెప్పులు విడవకుండానే అడిగాను.

"ఆ రోజు మీ ఇద్దరికీ కనపడిందా?"

అది తండ్రి వైపు చూసింది. ఆ చూపు చాలు నాకు. లేనిది ఉందన్నా, ఉన్నది లేదన్నా పట్టుకోవడమే నా ఉద్యోగం. దానికి నాకు జీతమిస్తారు. నా ఇంట్లో ఇద్దరు మనుషులు ఇన్ని నెలలు నా కళ్ళ ముందు నాటకమాడితే మాత్రం పట్టుకోలేకపోయాను.

మా ఆయన సోఫాలో కూలబడ్డారు. "కనపడింది. నీకు కనపడట్లేదని అర్థమయ్యేసరికి నాకు మీ మేనత్త గుర్తొచ్చింది. నీ మొహం చూసి చెప్పలేకపోయానే," అన్నారు.

మా మేనత్త దీపాలు పెట్టేవేళకి పనులన్నీ ముగించుకుని మంచం మీద కూర్చుండిపోయేది. మళ్ళీ తెల్లారేదాకా కదిలేది కాదు. రేచీకటి అనేవాళ్ళు. నాకు కూడా చీకట్లో కళ్ళు పని మానేస్తున్నాయని ఆయనకి ఆ సరస్సు ఒడ్డునే తెలిసిపోయింది. నాకెలా తెలుస్తుంది? బెడోక్‌లో చీకటి ఎక్కడుంది తెలియడానికి? ఈ ఊరి దీపాలు కూడా వాళ్ళతో కలిసిపోయాయి.

"మరి వచ్చాకైనా డాక్టర్ దగ్గరికి తీసికెళ్ళాలని తోచలేదా?"

"పాప పరీక్షలయ్యాక చెబుదామనుకున్నా."

మన ఇళ్ళల్లో పరీక్షల ముందు నిలబడగలిగేది ఏదీ లేదు. తాత పోయినా పరీక్షయ్యాకే చెబుతాం. నా కళ్ళు పోవడం కూడా ఆ ఖాతాలోకే పోయిందన్నమాట. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని, "నాకు చెప్పలేనివారు ఆఫీసంతా ఎలా చెప్పారు?" అన్నాను.

"అంత అందమైనది చూసి లోపల దాచుకోలేకపోయా," అన్నారు, నేల చూపులు చూస్తూ.

నిజమే అయుండొచ్చు. కానీ ఊరంతా సంతర్పణ చేసి ఇంట్లో పెళ్ళాన్ని పస్తు పెట్టారు. పైగా ప్రతి విందులో నా పంచాంగాన్నీ నన్నూ నవ్వులపాలు చేశారు. చవితి చంద్రుణ్ణి చూస్తే మనకి నీలాపనిందలు వస్తాయంటారు. మావాళ్ళు చంద్రుడికే నీలాపనింద అంటగట్టిన ఘనులు. ఆ మాటే అన్నాను. మా అమ్మాయి నా దగ్గరికి రాబోయింది. చదువుకో అని చెప్పి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

కంటి ఆసుపత్రికి ఒంటరిగానే వెళ్ళాను. వస్తానన్నారు, వద్దన్నాను. చీకటి గదిలో ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, వెలుగు చుక్క కనపడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కాసేపు నొక్కాను. తర్వాత చాలాసేపు చుక్కలేవీ రాలేదు. ఇంకా మొదలుపెట్టలేదు కాబోలు అనుకుని వేలు బటన్ మీద పెట్టుకుని ఎదురుచూశాను. చుక్కలు వస్తూనే ఉన్నాయట. ఆ యంత్రానికి నా మీద జాలి లేదు. ఉన్నది ఉన్నట్టు కాగితం మీద గీసి ఇచ్చేసింది. దాని మీద నాకు గౌరవం కలిగింది.

చైనీస్ డాక్టరు నెమ్మదిగా మాట్లాడే మనిషి. మీ అమ్మానాన్నలు ముందే చుట్టాలా అని అడిగాడు. అవును, మేనరికం అని, అది ఆయనకి అర్థమయ్యేలా చెప్పాను. ఇది మెల్లగా నడిచే జబ్బు, చూపు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వస్తుంది, మసక వెలుగులు ముందు పోతాయి, పోయినవి తిరిగి రావు అన్నాడు. ఎప్పుడైనా చీకటి ప్రదేశానికి వెళ్ళినప్పుడు తేడా గమనించారా అని కూడా అడిగాడు. నేను గమనించలేదు, మా ఇంట్లోవాళ్ళు గమనించారు అన్నాను.

ఆ సాయంత్రం మా అమ్మాయి మంచం మీద నా పక్కన కూర్చుని ఫోన్ పట్టుకొచ్చింది. "అమ్మా, డూ యూ వాంట్ టు సీ?" అంది. వద్దనాలనుకున్నాను, కానీ చెయ్యి చాచాను. ఫోన్ తెర మీద నాకు అన్నీ శుభ్రంగా కనపడతాయి. సరస్సు. దాని మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఆకుపచ్చ, అంచుల్లో కాస్త గులాబీ. కింద ఒక మూల లావు కోటులో ఒక ఆడమనిషి, తలెత్తి కోపంగా చంద్రుడి వైపు చూస్తోంది. అది నేనే. తెర మీద కాకుండా కళ్ళతో చూడాలనుకున్నది చివరికి తెర మీదే చూశాను. మిగతా అందరిలాగే.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. "మళ్ళీ వెళ్దాం. ఈసారి అమావాస్యకి. తిథి నేనే చూస్తా," అన్నారు.

ఆసుపత్రి నుంచి వస్తూ ట్రైన్‌లో మనసులో ఒకటే ప్రశ్న తిరుగుతోంది, అది అడిగాను.

"నేను మీకు సారీ చెప్పినప్పుడు అది ఆకాశంలో ఉందా? పోయిందా?"

మా అమ్మాయే చెప్పింది, తల వంచుకుని.

"దట్ టైమ్ వాజ్ ద బ్రైటెస్ట్, అమ్మా."

నా కళ్ళ సంగతి దాచారు, పోనీ, భయపడ్డారు. నన్ను నవ్వులపాలు చేశారు, అది కూడా ఎప్పటికో మరిచిపోతానేమో. కానీ ఆ వెలుగు కిందే నిలబడి, చెయ్యని తప్పుకి ఇద్దరికీ సారీ చెప్పుకున్నాను. నీ తప్పేం లేదే అని ఒక్కరు కూడా అనలేదు. పోనీలే అన్నారు ఆయన, నా వైపు చూడకుండా. అప్పుడాయన ఎటు చూస్తున్నారో నాకిప్పుడు తెలుసు.